లైనక్స్ వేశాక గూగుల్ డ్రైవ్ ఏమైపోయింది? లేనివాటిని మనమే అమర్చుకునే పద్ధతి

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో మా బావమరిదికి చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, ఫ్లెక్సీలు, జెరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, సీజన్‌లో పెళ్ళి ఆల్బమ్‌లు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది కదా, వాడి కంప్యూటరేమో విండోస్ 11 ఎక్కనంత పాతది, కొత్తది కొందామంటే ఇప్పుడు చేతిలో డబ్బుల్లేవన్నాడు. సరేలే అని ఒక ఆదివారం నేనే విజయనగరంలో పాసింజరెక్కి, ఆమదాలవలసలో దిగి, షాపుకెళ్ళి విండోస్ బదులు ఉచితంగా వాడుకునే లైనక్స్ మింట్ వేసి వచ్చాను. సాయంత్రానికి ప్రింటర్ కూడా పనిచేసింది. ఇక నాకు పని లేదనుకున్నాను.

సోమవారం పొద్దున్నే ఫోన్. "బావా, అంతా బాగానే ఉంది గానీ డ్రైవేటైపోనాది? ఎక్కడెతికినా అగుపడ్డం నేదు."

అది ఎక్కడికీ పోలేదు, లైనక్స్‌కి అసలు రానే రాలేదు. గూగుల్ డ్రైవ్ 2012 ఏప్రిల్‌లో మొదలైంది. లైనక్స్‌కి కూడా ప్రోగ్రాం వస్తుందని అప్పట్లో అన్నారు, ఇన్నేళ్ళైనా అతీగతీ లేదు. వన్‌డ్రైవ్‌కీ కంపెనీవాళ్ళ ప్రోగ్రాం లేదు, ఐక్లౌడ్‌కీ లేదు. డ్రాప్‌బాక్స్, మెగా, పీక్లౌడ్ మాత్రం ఇస్తున్నాయి. బ్రౌజర్‌లో తెరిస్తే అన్నీ పనిచేస్తాయి, కాదనను, కానీ రోజూ ఇరవై ఫైళ్ళు దింపి, మార్చి, మళ్ళీ ఎక్కించే షాపులో బ్రౌజర్‌తో పని తెమలదు.

రెండు ఆదివారాలు కూర్చుని వాడికి అమర్చిన పద్ధతి ఇది. మీ దగ్గరా ఇలాంటి పాత కంప్యూటరే ఉంటే వరసగా చేసుకుపోండి. కమాండ్‌లన్నీ నేను ఫోన్లో వాడికి చెప్పినట్టు పలుకుబడిలోనే రాస్తున్నాను, మీరు టెర్మినల్లో, అంటే కమాండ్‌లు కొట్టే కిటికీలో, ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టుకోవాలి. ఈ పనికి వాడే ప్రోగ్రాం పేరు ఆర్‌క్లోన్, అంటే ఆర్ అక్షరం, దానికి ఖాళీ లేకుండా ఆనుకుని క్లోన్.

అడుగు 1: మీకు నిజంగా లేనిదేమిటో చూసుకోండి

విండోస్‌లో ఆ ఒక్క డ్రైవ్ గుర్తు వెనక నాలుగైదు పనులు కలిసిపోయి ఉంటాయి, మనం అన్నిటినీ కలిపి "డ్రైవ్" అనేస్తాం. ఫైళ్ళన్నీ ఫోల్డర్‌లో కనిపిస్తూ, తెరిచినప్పుడు మాత్రమే దిగడం ఒకటి. ఇక్కడ మారిస్తే అక్కడా, అక్కడ మారిస్తే ఇక్కడా మారడం ఇంకొకటి. నెట్ లేనప్పుడు కావలసినవి దగ్గర ఉంచుకోవడం వేరే పని. రైట్ క్లిక్ చేసి లింక్ పంపడం, ఒకే వైఫైలో ఉన్న రెండు కంప్యూటర్లు నెట్‌కి వెళ్ళకుండా తమలో తాము పంచుకోవడం, ఇవీ ఉన్నాయి.

లైనక్స్‌లో ఇవన్నీ చేసుకోవచ్చు, కానీ ఒక్కో పనికి ఒక్కో పనిముట్టు. అందుకే ముందు ఒక కాయితం తీసుకుని మీ ఫోల్డర్ల పేర్లు రాసి, ఒక్కోదాని పక్కన దానికి ఏ పని కావాలో రాయండి. మావాడికి రాయించాక తేలిందేమిటంటే, 60 జీబీలో రోజూ ముట్టుకునేది 3 జీబీ కూడా లేదు. మిగతావన్నీ ఎప్పుడో ఏడాదికోసారి "మా అమ్మాయి పెళ్ళి కార్డు అచ్చం అలాగే కావాలి" అని ఎవరో వస్తే తీసేవి. ఈ లెక్క తెలియకుండా మొదలుపెట్టినవాళ్ళే రెండు రోజులు తంటాలుపడి, లైనక్స్‌ని తిట్టి, మళ్ళీ విండోస్ వేసుకుంటారు.

అడుగు 2: ఆర్‌క్లోన్ వేసుకోండి, కానీ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోంచి కాదు

ఆర్‌క్లోన్ ఉచితం, దీని కోడ్ అందరికీ బహిరంగంగా ఉంటుంది, గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్‌తో కలిపి డెబ్బైకి పైగా నిల్వ సేవలతో మాట్లాడుతుంది. చిక్కల్లా పాత వెర్షన్‌తోనే. ఉబుంటు 24.04లో, దాని మీద నడిచే మింట్ 22లో దొరికేది 1.60. మనకు తర్వాత కావలసిన బైసింక్ (రెండువైపులా సింక్) అనే పనిని 1.66లో చాలావరకు తిరగరాసి బాగుచేశారు. కాబట్టి ఆర్‌క్లోన్ సొంత సైట్‌కి వెళ్ళి డెబ్ ఫైల్ (మింట్‌లో ప్రోగ్రాం వేసే ఫైల్) దింపుకుని డబుల్ క్లిక్ చేసి వేసుకోండి. తర్వాత టెర్మినల్లో "ఆర్‌క్లోన్ వెర్షన్" అని కొడితే 1.66 కంటే పెద్ద అంకె రావాలి.

అడుగు 3: మీ సొంత తాళంచెవి చేసుకోండి

దీన్ని చాలామంది వదిలేస్తారు, తర్వాత "చాలా స్లోగా ఉంది" అని ఏడుస్తారు. ఆర్‌క్లోన్ గూగుల్‌తో మాట్లాడడానికి ఒక గుర్తింపు కావాలి. మీరు ఏమీ ఇవ్వకపోతే దానిలో ముందే ఉన్నది వాడుతుంది, ప్రపంచంలో ఆర్‌క్లోన్ వాడేవాళ్ళలో ఎందరో దాని మీదే ఉంటారు, ఒకే కుళాయి దగ్గర వీధంతా బిందెలు పెట్టినట్టు. సొంతది చేసుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు, పావుగంట పడుతుంది.

గూగుల్ క్లౌడ్ కన్సోల్ తెరిచి కొత్త ప్రాజెక్ట్ పెట్టండి. ఏపీఐల (ప్రోగ్రాంలు గూగుల్‌తో మాట్లాడే దారుల) జాబితాలో గూగుల్ డ్రైవ్ ఏపీఐ వెతికి ఎనేబుల్ నొక్కండి. తర్వాత ఓఆథ్ కన్సెంట్ స్క్రీన్ అని అడుగుతుంది, అక్కడ ఎక్స్‌టర్నల్ ఎంచుకుని, పేరు దగ్గర ఏదైనా రాయండి, మీ మెయిల్ ఇవ్వండి. ఆఖరున క్రెడెన్షియల్స్‌లో ఓఆథ్ క్లయింట్ ఐడీ, రకం డెస్క్‌టాప్ యాప్. క్లయింట్ ఐడీ, క్లయింట్ సీక్రెట్ అని రెండు పొడుగాటి వరసలు వస్తాయి, దాచుకోండి.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను. ఆ యాప్ "టెస్టింగ్" స్థితిలో ఉండిపోతే మీరిచ్చిన అనుమతి ఏడు రోజులకే చెల్లిపోతుంది. ఆదివారం పెట్టి వచ్చాను, వారం తిరిగేసరికి మళ్ళీ ఫోన్, "బావా, మల్లీ పోనాది." ఏం జరిగిందో తెలుసుకోవడానికి నాకు సగం రోజు పట్టింది. పబ్లిష్ యాప్ అనే బటన్ నొక్కి ప్రొడక్షన్‌లోకి మార్చేయండి. మన సొంతానికి వాడుకునేదే కాబట్టి లాగిన్ అయ్యేటప్పుడు "ఈ యాప్‌ని గూగుల్ పరిశీలించలేదు" అని భయపెడుతుంది, అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకెళ్ళండి, అది మీరు చేసిన యాపే.

ఇప్పుడు టెర్మినల్లో "ఆర్‌క్లోన్ కాన్ఫిగ్". ఎన్ నొక్కితే కొత్తది. పేరు అడిగితే ఖాళీ లేకుండా చిన్నది ఇవ్వండి, మేం "దుకాణం" అని పెట్టాం, ఇంగ్లీషు అక్షరాల్లోనే. నిల్వ రకం దగ్గర అంకె వెతకొద్దు, వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంది, "డ్రైవ్" అని మాట కొట్టండి చాలు. ఐడీ, సీక్రెట్ అతికించండి. స్కోప్ 1. మిగతావాటికి ఎంటర్. బ్రౌజర్ తెరుచుకుంటే అనుమతి ఇవ్వండి. అయ్యాక "ఆర్‌క్లోన్ ఎల్ఎస్‌డి దుకాణం:" అని, చివర కోలన్ మరవకుండా కొడితే మీ డ్రైవ్‌లోని ఫోల్డర్ల పేర్లు రావాలి. మావాడు ఆ జాబితా చూసి "ఓస్ ఇంతేనా" అన్నాడు. అసలు పని అప్పటికింకా మొదలవ్వలేదు.

అడుగు 4: ఫోల్డర్‌లా తగిలించండి

హోమ్‌లో డ్రైవ్ అని ఒక ఖాళీ ఫోల్డర్ చేసి ఈ కమాండ్ కొట్టండి, అంతా ఒకే వరసలో:

ఆర్‌క్లోన్ మౌంట్ దుకాణం: ~/డ్రైవ్ --విఎఫ్ఎస్-క్యాష్-మోడ్ ఫుల్ --విఎఫ్ఎస్-క్యాష్-మ్యాక్స్-సైజ్ 20జి --విఎఫ్ఎస్-క్యాష్-మ్యాక్స్-ఏజ్ 720హెచ్

మీ ఫైళ్ళన్నీ ఆ ఫోల్డర్‌లో కనిపిస్తాయి, డిస్క్ మీద చోటు మాత్రం తినవు. తెరిచినది దిగుతుంది, సేవ్ చేస్తే కాసేపటికి పైకి వెళ్తుంది. ఫుల్ అనే మాట వదిలేస్తే లిబ్రెఆఫీస్, గింప్ లాంటివి సేవ్ చేసేటప్పుడు మొరాయిస్తాయి. 20జి అంటే దిగిన ఫైళ్ళను తాత్కాలికంగా దాచుకోవడానికి (దీన్నే క్యాష్ అంటారు) 20 జీబీ వరకు చోటు. 720హెచ్ అంటే నెల రోజులు, ఇది ఇవ్వకపోతే ఒక గంట ముట్టని ఫైల్‌ని చెరిపేసి మళ్ళీ అడిగినప్పుడు మళ్ళీ దింపుతుంది, మీ డేటా ప్యాక్ గోవిందా. ఫోన్‌లోంచి ఎక్కించిన ఫైల్ ఇక్కడ కనిపించడానికి ఒక నిమిషం పట్టవచ్చు, అందుకని మళ్ళీ మళ్ళీ ఎఫ్5 కొట్టకండి.

కంప్యూటర్ ఆన్ చేయగానే తగులుకోవాలంటే మింట్‌లో స్టార్టప్ అప్లికేషన్స్ తెరిచి, కస్టమ్ కమాండ్‌గా ఇదే పెట్టి, ఆలస్యం 30 సెకన్లు ఇవ్వండి, వైఫై అందుకునేదాకా ఆగాలి కదా. అక్కడ ~ గుర్తు బదులు హోమ్ ఫోల్డర్ పూర్తి దారి రాస్తే మేలు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఏదైనా కారణంతో తగులుకోకపోతే ఆ ఫోల్డర్ మామూలు ఖాళీ ఫోల్డరే. మీరు గమనించకుండా అందులోనే సేవ్ చేశారనుకోండి, అది డ్రైవ్‌కి వెళ్ళదు, పైగా తర్వాత ఆర్‌క్లోన్ "ఫోల్డర్ ఖాళీగా లేదు" అని తగులుకోనంటుంది. అప్పుడు కంగారు పడకుండా ఆ ఫైళ్ళు వేరే చోటికి జరిపి, మళ్ళీ తగిలించి, వాటిని లోపలికి కాపీ చేయండి.

మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి ఇది కూడా. ఫైల్ పైకి వెళ్ళేలోపు కరెంటు పోతే? క్యాష్‌లోకి చేరినది డిస్క్ మీదే ఉంటుంది, మళ్ళీ అదే కమాండ్‌తో నడిపినప్పుడు మిగిలినవి ఎక్కిస్తుంది. కాబట్టి కమాండ్‌ని ఒకరోజు ఒకలాగా, ఇంకోరోజు ఇంకోలాగా రాయొద్దు.

గూగుల్ డాక్స్‌లో, షీట్స్‌లో చేసినవి నిజానికి ఫైళ్ళు కావు, గూగుల్ దగ్గర ఉండే పేజీలు. ఇక్కడ డాక్స్ వర్డ్ ఫైల్‌లా, సైజు సున్నాగా కనిపిస్తుంది. వాటిని ఇక్కడ తెరిచి దిద్దకండి, వాటికి బ్రౌజరే దారి.

లైనక్స్‌లో నోమ్ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్ళు సెట్టింగ్స్‌లో ఆన్‌లైన్ అకౌంట్స్‌లో గూగుల్ ఖాతా ఇచ్చి, ఫైల్స్ అనే మీట కనిపిస్తే దాన్ని ఆన్ చేసి చూడండి, అప్పుడప్పుడు తొంగిచూడడానికి అది చాలు. కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌లో కేఐఓ జీడ్రైవ్ ఉంది. రోజంతా పనిచేసే షాపుకి నేను వాటిని చెప్పను.

అడుగు 5: నెట్ పోయిన రోజు కోసం

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో జీడి, కొబ్బరి నేలకొరిగిన సంగతి అందరికీ తెలుసు, కరెంటు స్తంభాలూ అలాగే పడ్డాయి, చాలా ఊళ్ళకు రోజుల తరబడి కరెంటూ లేదు, ఫోన్ సిగ్నలూ లేదు. అంతకు నాలుగేళ్ళ ముందు హుద్‌హుద్‌కి మా విజయనగరంలోనూ అదే గతి. జనరేటర్ పెట్టుకుని షాపు తెరిచినా, ఫైళ్ళన్నీ క్లౌడ్‌లో ఉండి సిగ్నల్ లేకపోతే తగిలించిన ఫోల్డర్‌లో పేర్లు తప్ప ఏమీ ఉండవు, కొన్నిసార్లు ఫోల్డర్ తెరవగానే ఫైల్ మేనేజరే బిగుసుకుపోతుంది.

విండోస్‌లో "ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లో ఉంచు" అని రైట్ క్లిక్‌లో ఉండేది చూడండి, దానికి ఇక్కడ బదులు లేదు. క్యాష్‌ని నమ్ముకోకండి, అది తన ఇష్టం వచ్చినప్పుడు చెరిపేస్తుంది. కాబట్టి అడుగు 1లో రాసిన కాయితం తీసి, రోజూ ముట్టుకునే ఫోల్డర్లను తగిలించినదాంట్లోంచి తీసేసి, హోమ్‌లో "పని" అని మామూలు ఫోల్డర్‌లో పెట్టండి. వీటికి రెండువైపుల సింక్ కావాలి, అది కింద చెప్తాను. పాతవాటికి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి, నెలకోసారి "ఆర్‌క్లోన్ కాపీ దుకాణం:పాతవి" అని రాసి, పక్కన డిస్క్ దారి ఇచ్చి, చివర -పి పెట్టండి, -పిలో అక్షరం మాత్రం పెద్దది. ఎంత అయిందో కనిపిస్తూ ఉంటుంది. రెండోసారి నుంచి కొత్తవి, మారినవి మాత్రమే దింపుతుంది.

నెట్ వేగం లెక్క కూడా చూసుకోండి. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ ఉంటే 20 జీబీ ఎక్కడానికి నాలుగున్నర గంటలు. చిన్న చిన్న ఫైళ్ళైతే ఇంకా ఘోరం, గూగుల్ డ్రైవ్ పెట్టే అడ్డు వల్ల సెకనుకి రెండు ఫైళ్ళకు మించి వెళ్ళవు, 3,600 ఫోటోలంటే మీ నెట్ ఎంత వేగమైనా అరగంట. పాత ఆల్బమ్‌లను ఒక్కో పెళ్ళికి ఒక్కో జిప్ చేసి పెట్టండి. పగలు షాపులో వేరేవాళ్ళ పని ఆగకుండా "--బిడబ్ల్యులిమిట్ 500కె" తగిలిస్తే వేగం తగ్గించుకుని మెల్లగా వెళ్తుంది.

అడుగు 6: కాపీ, సింక్, బైసింక్, మూడూ ఒకటి కాదు

ఇక్కడ నిదానంగా చదవండి, నేను వేలు కాల్చుకున్నది ఇక్కడే.

కాపీ అంటే ఎడమవైపు ఉన్నదాన్ని కుడివైపుకి చేర్చడం, కుడివైపు ఉన్నదేదీ చెరపదు. సింక్ అంటే కుడివైపుని అచ్చం ఎడమవైపులా చేయడం, అంటే ఎడమవైపు లేనిది కుడివైపు ఉంటే చెరిపేస్తుంది. ఎడమవాడు చెప్తాడు, కుడివాడు వింటాడు, అంతే. విండోస్ అలవాటుతో సింక్ అంటే రెండువైపులా అనుకుంటాం, ఆర్‌క్లోన్‌లో కాదు.

ఒక ఏడాది పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి తీసిన నా ఫోటోలు డ్రైవ్‌లో ఉన్నాయి, కొత్త కంప్యూటర్‌లోకి దింపుదామని రాత్రి పదకొండింటికి నిద్రమొహంతో ఎడమా కుడీ తారుమారు చేసి సింక్ కొట్టాను. ఇక్కడ ఖాళీ ఫోల్డర్, అక్కడ నాలుగు వందల ఫోటోలు. ఖాళీవాడు చెప్పాడు, నిండుగా ఉన్నవాడు విన్నాడు. అదృష్టం ఏమిటంటే ఆర్‌క్లోన్ గూగుల్ డ్రైవ్‌లో చెరిపినవాటిని మామూలుగా ట్రాష్‌లో వేస్తుంది, ట్రాష్‌లో 30 రోజులుంటాయి. బ్రౌజర్‌లో వెళ్ళి ఒక్కొక్కటీ తిరిగి తెచ్చుకున్నాను. ఆ రాత్రి నుంచి ఏ సింకైనా ముందు చివర "--డ్రై-రన్" పెట్టి కొడుతున్నాను, ఏం చేయబోతోందో చెప్తుంది, చేయదు. అది చదివి, నచ్చితే ఆ మాట తీసేసి మళ్ళీ కొట్టండి.

రెండువైపులా మారాలంటే బైసింక్. "పని" ఫోల్డర్‌కి ఇదే. మొదటిసారి:

ఆర్‌క్లోన్ బైసింక్ ~/పని దుకాణం:పని --రీసింక్ --డ్రై-రన్

బాగుంటే డ్రై-రన్ తీసి మళ్ళీ. ఆ తర్వాత రోజువారీ నడిపేటప్పుడు --రీసింక్ ఉండకూడదు, దాని బదులు "--రెజిలియెంట్ --రికవర్" పెట్టండి, మధ్యలో కరెంటు పోయినా తర్వాతిసారి తనే సర్దుకునేందుకు. సగానికి పైగా ఫైళ్ళు ఒక్కసారిగా మాయమైనట్టు కనిపిస్తే బైసింక్ ఏమీ చేయకుండా ఆగిపోతుంది, అది మంచిదే, విసుక్కోకండి. ఒకే ఫైల్‌ని రెండు చోట్లా మార్చి ఉంటే రెండింటినీ ఉంచుతుంది, పేరు చివర కాన్‌ఫ్లిక్ట్ అని తగిలిస్తుంది.

ఇది సేవ్ చేసిన వెంటనే పరిగెత్తే సింక్ కాదు, మీరు చెప్పిన వేళకి నడుస్తుంది. వేళకి కమాండ్‌లు నడిపే క్రాన్ పట్టికని "క్రాంటాబ్ -ఇ"తో తెరిచి */15, తర్వాత ఖాళీ ఇచ్చుకుంటూ నాలుగు నక్షత్రాలు, తర్వాత పైన చెప్పిన రోజువారీ కమాండ్ పెడితే పావుగంటకోసారి. క్రాన్‌లోనూ దారులు పూర్తిగా రాయండి. షాపు మూసేముందు ఒకసారి చేత్తో కొట్టే అలవాటు చేసుకోండి.

అడుగు 7: పేర్ల గొడవ

తెలుగులో ఫైళ్ళకు పేర్లు పెట్టేవాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు. లైనక్స్ ఫోల్డర్‌లో ఒక ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగులో ఒక్కో గుర్తు మూడు బైట్లు, పైగా గుణింతం, వత్తు, పొల్లు అన్నీ వేరువేరు గుర్తులే. "పెళ్ళి" మనకు రెండక్షరాలు, కంప్యూటర్‌కి ఆరు గుర్తులు, 18 బైట్లు. "సిరిమానోత్సవం" 39. అంటే మొత్తం పేరుకి 85 గుర్తులు. శుభలేఖ ఫైల్‌కి వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్ళు, తేదీ అన్నీ పెట్టే అలవాటున్న మావాడికి రెండు మూడు చోట్ల దాటిపోయింది, విండోస్‌లో గుర్తుల లెక్క కాబట్టి అక్కడ ఎప్పుడూ అడ్డురాలేదు. మింట్ వేసేటప్పుడు "హోమ్ ఫోల్డర్‌ని ఎన్‌క్రిప్ట్ చేయి" అని టిక్ పెట్టి ఉంటే ఇంకా ఇరుకు, 143 బైట్లు, అంటే 47 గుర్తులే. "రాజాం_కార్డు_2025_11" లాంటి పొట్టి పేరు పెట్టి, వివరాలన్నీ ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసుకోమన్నాను, సణుగుతూ ఒప్పుకున్నాడు.

ఇంకోటి, కంటికి కనిపించని గుర్తు. "ఆర్‌క్లోన్" అని రాసేటప్పుడు వత్తు పడకుండా మధ్యలో కీబోర్డు ఒక కనపడని గుర్తు పెడుతుంది. కొన్ని మాటల్లో అది ఉన్నా లేకున్నా చూడ్డానికి ఒకేలా ఉంటుంది, సింక్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు ఫైళ్ళు. ఒకే పేరుతో రెండు కనిపిస్తే మొదటి అనుమానం దీని మీద పెట్టుకోండి.

ముహూర్తం వేళ పేరులో పెట్టేవాళ్ళు కూడా ఆగండి. "రాత్రి 10:42" అని లైనక్స్‌లో పెడితే పెట్టనిస్తుంది, విండోస్‌కి కోలన్ పనికిరాదు. నక్షత్రం, ప్రశ్నార్థకం, కొటేషన్ గుర్తులూ అంతే. 10.42 అని రాయండి. పెద్దక్షరాల్లో ఒకటి, చిన్నక్షరాల్లో ఒకటి ఒకే పేరు ఉన్నా లైనక్స్‌కి రెండు, విండోస్‌కి, వన్‌డ్రైవ్‌కి ఒకటే. కెమెరాలోంచి వచ్చే ఫోటోల పేర్లతో ఇది తరచూ అవుతుంది.

గూగుల్ డ్రైవ్ ఇంకో విచిత్రం. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్ళు ఉండనిస్తుంది, మన ఫోల్డర్‌లో అది కుదరదు కాబట్టి ఒకటి కనపడకుండా పోతుంది. "ఆర్‌క్లోన్ డీడూప్ దుకాణం:" అని కొడితే అచ్చంగా ఒకటే అయిన నకళ్ళను తీసేసి, తేడా ఉన్నవాటి దగ్గర ఏది ఉంచాలో అడుగుతుంది. బైసింక్ మొదలుపెట్టే ముందే ఇది ఒకసారి నడపండి, దీనికీ ముందు --డ్రై-రన్.

అడుగు 8: షాపులో రెండు కంప్యూటర్లుంటే

తెలుగు డీటీపీ చేసేవాళ్ళకి తెలుసు, అను ఫాంట్లు, పేజ్‌మేకర్ లైనక్స్‌కి రావు. కాబట్టి మావాడి దగ్గర ఇంకో విండోస్ డబ్బా మూల కూర్చునే ఉంది, సపోర్ట్ లేనిదాన్ని నెట్‌కి తగిలించడం నాకు ఇష్టం లేదు. మరి ఫైళ్ళు ఇటూ అటూ? సింక్‌థింగ్ వేయండి. ఇది క్లౌడ్ కాదు, రెండు కంప్యూటర్లు వైఫైలోనే నేరుగా మాట్లాడుకుంటాయి, నెట్ లేకపోయినా, డేటా ఒక్క ఎంబీ ఖర్చు కాకుండా. రెండింట్లోనూ వేసి, బ్రౌజర్‌లో 127.0.0.1:8384 తెరిచి, ఒకదాని డివైస్ ఐడీ ఇంకోదాంట్లో ఇచ్చి, ఫోల్డర్ షేర్ చేయండి. సెట్టింగ్స్‌లో గ్లోబల్ డిస్కవరీ, రిలేయింగ్ ఆపేస్తే అవతలి కంప్యూటర్ కోసం బయట వెతకదు. ఫైల్ వెర్షనింగ్ రెండింట్లోనూ ఆన్ చేసి పెట్టండి, పొరపాటున పాతదాని మీద సేవ్ చేస్తే అవతలి కంప్యూటర్‌లోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు. రెండూ ఒకే సమయంలో ఆన్‌లో ఉండాలన్నదొక్కటే షరతు.

ఫోన్‌లోనూ కావాలంటే, సింక్‌థింగ్ అసలు ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబర్‌లో ఆగిపోయింది, సింక్‌థింగ్ ఫోర్క్ అనేది వాడుతున్నారు.

లింక్ పంపడానికి "ఆర్‌క్లోన్ లింక్" ఉంది, ఆ లింక్ ఎవరి చేతికి చేరినా ఫైల్ తెరుచుకుంటుంది. నిజం చెప్పాలంటే లింకుల కోసం బ్రౌజరే నయం.

డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్ వాడేవాళ్ళకి

డ్రాప్‌బాక్స్ సొంత ప్రోగ్రాం బాగానే నడుస్తుంది, అయితే ఫైళ్ళు పైనే ఉంచి తెరిచినప్పుడు దింపే ఏర్పాటు లైనక్స్‌లో ఇవ్వలేదు, ఏ ఫోల్డర్లు దిగాలో ఎంచుకోవడం వరకే. ఉచిత ఖాతాకి 2 జీబీ, మూడు పరికరాలు. 2018లో ఒక్క ఎక్స్‌టి4 తప్ప మిగతా డిస్క్ రకాలన్నిటినీ వదిలేసి, గోల చేశాక 2019లో బీటీఆర్‌ఎఫ్ఎస్, ఎక్స్‌ఎఫ్ఎస్ లాంటివి మళ్ళీ చేర్చుకున్నారు, ఎక్స్‌టి4 వాడితే ఆ తలనొప్పి ఉండదు.

వన్‌డ్రైవ్‌కి "వన్‌డ్రైవ్" అనే పేరుతోనే బయటివాళ్ళు చేసిన ఉచిత ప్రోగ్రాం ఉంది, --సింక్ ఒకసారికి, --మానిటర్ ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండడానికి. ఉబుంటులో దొరికే పాతది వాడొద్దని దాన్ని రాసినవారే చెప్తున్నారు, వాళ్ళ పేజీలో చెప్పినట్టు వేసుకోండి. తెరిచినప్పుడే దిగే పద్ధతి కావాలంటే "వన్‌డ్రైవర్" అనేది వేరే ఉంది, చివర ఆర్ ఉన్నది. డబ్బు పెట్టగలిగితే ఇన్‌సింక్ కొనుక్కుంటే మూడు కంపెనీలకూ ఒకే కిటికీ.

చివరి అడుగు: ఆధార్ కాపీలు, తాళాలు

జెరాక్స్ షాపు కంప్యూటర్‌లో జనం ఆధార్ కాపీలు, పట్టాదారు పాసు పుస్తకాలు, మార్కుల లిస్టులు పేరుకుపోతాయి. ముందు పని, అక్కర్లేనివి చెరిపేయండి, అవి మీవి కావు. ఉంచక తప్పనివి డ్రైవ్‌కి వెళ్ళేట్టుంటే ఆర్‌క్లోన్ కాన్ఫిగ్‌లో క్రిప్ట్ అనే రకంతో ఇంకో పేరు చేసి, "దుకాణం:తాళం" అనే ఫోల్డర్ మీద పెట్టండి. దాని ద్వారా వెళ్ళేవి గూగుల్‌కి కూడా చదవరాని ముద్దగా వెళ్తాయి. ఇక్కడా పేరు 143 బైట్లకు మించకూడదు, 47 గుర్తుల లెక్క గుర్తుంది కదా.

ఆర్‌క్లోన్ కాన్ఫిగ్ ఫైల్ ఎవరి చేతికి దొరికితే వాళ్ళకి మీ డ్రైవంతా దొరికినట్టే, కాబట్టి కాన్ఫిగ్‌లో ఎస్ నొక్కి దానికి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, అయితే అప్పుడు స్టార్టప్‌లో తనంతట తను తగులుకోదు, పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. మేం అది పెట్టలేదు, కంప్యూటర్ లాగిన్‌కి గట్టి పాస్‌వర్డ్ పెట్టి ఊరుకున్నాం. ఆ ఫైల్ పోయినా మళ్ళీ అడుగు 3 చేసుకుంటే సరిపోతుంది. క్రిప్ట్ పాస్‌వర్డ్ పోతే మాత్రం ఆ ఫైళ్ళు నేనూ తీయలేను, గూగులూ తీయలేదు. మావాడు దాన్ని ఖాతా పుస్తకం అట్ట లోపలివైపు పెన్సిల్‌తో రాశాడు, ఒక నకలు వాట్సాప్‌లో నాకు పంపబోతే వద్దని తిట్టి, వచ్చే ఆదివారం వచ్చినప్పుడు కాయితం మీద తీసుకుంటానన్నాను.